చూసి చెప్పే మనిషి

ఆయన పోయిన సంగతి నాకు ఆరు నెలలు ఆలస్యంగా తెలిసింది. ప్రింటరుకు ఇంకు కొందామని గుంటూరు వెళ్లాను. కంప్యూటర్ సామాన్లు అమ్మే కొట్టాయన బిల్లు రాస్తూ, మీ పేట వాచీ మాస్టారు చీమకుర్తిలో పోయాడటగా అన్నాడు, నాకెప్పుడో తెలిసే ఉంటుందన్నట్టు. నేను తల ఊపి బయటికొచ్చేశాను. కొన్న ఇంకు కొట్లోనే వదిలేసి వచ్చానని బస్సు ఎక్కాక గాని గుర్తు రాలేదు.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరూ గుర్తుపట్టరు. చిలకలూరిపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. వాచీ మాస్టారు అనేవాళ్లు. ఆ మాట విని వాచీలు బాగుచేస్తాడనుకుని, ఆగిపోయిన గడియారాలు తెచ్చి నా బల్లమీద పెట్టి పోయినవాళ్లు ఉన్నారు. ఆయన బాగుచేసేది కంప్యూటర్లు. కాకపోతే ఏ పని మొదలుపెట్టినా ముందు చేతి వాచీ విప్పి ఎదురుగా పెట్టుకునేవాడు. కీ ఇచ్చి తిప్పుకునే పాత వాచీ. సెకన్ల ముల్లు ఎర్రగా ఉండేది.

నేను అప్పట్లో గడియార స్తంభానికి దగ్గర్లో చిన్న డీటీపీ సెంటర్ నడిపేదాన్ని. పెళ్లి కార్డులు, కరపత్రాలు, అర్జీలు. రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, గోడకు ఆనించిన బెంచీ. ఆయనకు కొట్టు లేదు. గుంటూరులో ఒక డీలరు దగ్గర పనిచేస్తూ, వారంలో మూడు రోజులు మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగేవాడు. ఆయన కావలసినవాళ్లు నా దగ్గర కబురు పెట్టి పోయేవాళ్లు. అలా నా సెంటరే ఆయన చిరునామా అయింది.

నలభై ఏళ్లుంటాయి అప్పటికి. సన్నగా ఉండేవాడు. సామాన్లు ప్లాస్టిక్ వైరు బుట్టలో తెచ్చుకునేవాడు, కూరగాయలకు వెళ్లినట్టు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. నేలమీద బాసింపట్టు వేసుకుని, కంప్యూటర్ పెట్టె మూత తీసే ముందు కిటికీ ఊచ ఒకసారి పట్టుకునేవాడు. ఒంట్లో ఉండే కరెంటు అలా పోతుందట, లేకపోతే లోపలి ముక్కలు దెబ్బతింటాయట. తర్వాత పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హార్డ్ డిస్కు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. ఆ కాసేపు నేను కీబోర్డు మీద చెయ్యి కూడా వేసేదాన్ని కాదు. కళ్లు తెరిచి, "దీనికింకా టైముందమ్మా" అనో, "ఇవాళే అన్నీ వేరేచోట దాచుకోండి" అనో చెప్పేవాడు. ఆ రెండో మాట అన్న డిస్కు నెల తిరక్కుండా పోయేది.

ఆయన నోట ఎక్కువగా విన్న మాట, "నేను చూడలేదండి". సెంటరు పక్కన కొత్త హోటలు పెట్టినప్పుడు అక్కడ ఇడ్లీ బాగుంటుందటగా అని ఎవరో అడిగారు. నేను తినలేదండి అన్నాడు. ఫలానా కంపెనీ ప్రింటరు ఎలా ఉంటుందని అడిగితే, నా చేతికి రాలేదండి, వచ్చాక చూసి చెబుతా అనేవాడు. కొంతమందికి చిరాకు వేసేది. ఇంతకాలం నుంచి ఈ పనిలో ఉండి ఒక్క మాట గట్టిగా చెప్పలేడా అని నా దగ్గర విసుక్కునేవాళ్లు. నాకూ అప్పుడప్పుడు అలాగే అనిపించేది.

ఇంకొకటి గమనించాను. బస్టాండులో దిగి నా సెంటరుకు రావాలంటే ఎరువులు, పురుగుమందుల కొట్లుండే బజారు మీదుగా నేరుగా ఐదు నిమిషాలు. ఆయన ఎప్పుడూ అలా రాలేదు. వెనక సందుల్లోంచి చుట్టు తిరిగి, చెమటలు కక్కుకుంటూ వచ్చేవాడు. ఆ బజార్లో ఎవరితోనో గొడవ ఉండి తప్పించుకు తిరుగుతున్నాడేమో అనుకుని ఊరుకున్నాను.

రెండు వేల నాలుగో, అయిదో. మా దగ్గరికి 'సాటా' అనే మాట వచ్చింది. కంప్యూటర్లో మనం దాచుకున్నదంతా ఉండేది హార్డ్ డిస్కులో. దాన్ని మిగతా యంత్రానికి కలిపే తీగ అప్పటిదాకా వెడల్పుగా, బూడిదరంగు పట్టీలా ఉండేది. కొత్త రకంలో అది చిటికెన వేలంత సన్నగా, ఎర్రగా వచ్చింది. దాని పేరే సాటా. మా ఎదురుగా ఉన్న ఇంకో సెంటరతను పెద్ద బోర్డు పెట్టించాడు, మా దగ్గర సాటా సిస్టమ్, రెట్టింపు వేగం అని. మాఘమాసం పెళ్లిళ్లు ముందున్నాయి. ఫొటోగ్రాఫర్లు ఒక్కొక్కరే అటు మళ్లారు. ఆయన రాగానే నాకు అర్జంటుగా సాటా పెట్టండి అన్నాను.

వచ్చే వారం చూసి చెబుతానన్నాడు. వచ్చే వారం వైరు బుట్టలో రెండు డిస్కులు తెచ్చాడు. ఒకే కంపెనీ, ఒకే సైజు, లోపల పళ్లెం తిరిగే వేగం కూడా ఒకటే. ఒకటి పాత తీగది, ఒకటి కొత్త తీగది. రెండింటినీ తగిలించుకోవడానికి చోటున్న బోర్డు ఒకటి డీలరు దగ్గర అడిగి తెచ్చాడు. రెండింట్లోనూ అవే ఫైళ్లు ఎక్కించి, ముందు ఒకటి, తర్వాత ఒకటి పెట్టి నడిపాడు. కంప్యూటర్ లేవడానికి ఎంతసేపు, పెళ్లి ఆల్బమ్ తెరుచుకోవడానికి ఎంతసేపు, ఫొటోలు ఒకచోటి నుంచి ఒకచోటికి పోవడానికి ఎంతసేపు. వాచీ చూస్తూ ఒక్కొక్కటీ మూడేసి సార్లు చేశాడు. ఒకసారి చూస్తే చాలదా అంటే, ఒకసారి చూసింది చూసినట్టు కాదమ్మా అన్నాడు. పొద్దున మొదలుపెట్టినవాడు మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

ఒక్క సెకను, రెండు సెకన్ల తేడా. అది కూడా ఒకసారి కొత్తది ముందుంటే ఇంకోసారి పాతది ముందుంది.

మరి రెట్టింపంటున్నారే అన్నాను. ఆయన ఒక డిస్కు చేతిలోకి తీసుకుని చెప్పాడు.

"తీగలో దారి పెద్దదైన మాట నిజమే. కానీ లోపల పళ్లెం ఎంత చదివితే అంతేగా బయటికొచ్చేది. బోర్లో రెండించుల నీళ్లే ఉన్నప్పుడు ఆరించుల పైపు వేస్తే ఏం లాభమమ్మా?"

కొత్తది చెడ్డదేమీ కాదని కూడా చెప్పాడు. తీగ సన్నం కాబట్టి పెట్టె లోపల గాలి ఆడుతుంది, బిగించడం తేలిక, మునుముందు అందరూ అదే వాడతారు, డిస్కులే వేగంగా తయారైన రోజున ఆ దారి పనికొస్తుంది. వేగం కోసమని మాత్రం ఇప్పుడు మార్చొద్దు, పని చేసేటప్పుడు కంప్యూటర్ వాడుకునే మెమరీ, అదే ర్యామ్, ఇంకొకటి వేయించండి చాలన్నాడు. వేయించాను. నా కంప్యూటరు నిజంగానే తేలికపడింది.

ఆ నెలలోనే ఆయన డీలరు దగ్గర పని పోయింది. గుంటూరు శివార్లలో ఒక జూనియర్ కాలేజీ వాళ్లు ల్యాబుకు కంప్యూటర్లు కొంటున్నారు. ఐడీ కార్డుల ఆర్డరు కోసం నేనూ ఆ రోజు ప్రిన్సిపాల్ గదిలోనే ఉన్నాను. డీలరు కొత్త సిస్టముల గురించి చెప్పుకుపోతున్నాడు. ప్రిన్సిపాల్ గారు మధ్యలో ఆపి, తలుపు దగ్గర నిలబడ్డ ఈయన వైపు తిరిగారు. బిగించేది మీరే కదా, మీరు చెప్పండి, వేగం నిజంగా పెరుగుతుందా అని అడిగారు. ఈయన డీలరు ముఖంలోకి చూడలేదు. నేలవైపు చూస్తూ, "నేను కొలిచానండి. పెరగదు" అన్నాడు. అంతే. బయటికి రాగానే డీలరు ఆయన్ని కాలేజీ వరండాలోనే పనిలోంచి తీసేశాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. యార్డుకు పోయే మిరపకాయల లారీలు వరసగా ఎదురొస్తున్నాయి. బస్సులో అందరం తుమ్ముతున్నాం. చూడలేదని ఊరుకోవచ్చుగా, రోజూ అనే మాటేగా అన్నాను. చూశాను కదమ్మా అన్నాడు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. ర్యామ్ వేశాక నా పని బాగానే సాగుతోంది, కానీ ఎదుటి సెంటరు బోర్డు ముందు అది ఎవరికీ కనపడదు. ఫొటోగ్రాఫర్లు తిరిగి రాలేదు. ఒకరోజు నేనూ ఫ్లెక్సీ వేయించి గుమ్మం మీద కట్టించాను. మా వద్ద సాటా సిస్టమ్ కలదు, రెట్టింపు వేగం. నా దగ్గర సాటా లేదు, ఉన్నా వేగం రాదని నాకు తెలుసు. మొత్తం కొలుస్తున్నప్పుడు పక్కన కూర్చున్నదాన్ని నేనే.

ఆయన వచ్చి గుమ్మం బయటే ఆగిపోయాడు. తల ఎత్తి పైకి చదివాడు. ఇది ఎవరు రాయించారమ్మా అని అడిగాడు. నేనేనండి, అందరూ రాసుకుంటున్నారుగా అన్నాను. "చదివినవాళ్లు నమ్ముతారమ్మా" అన్నాడు. కోపంగా అనలేదు. ముఖం మాత్రం పాలిపోయింది, జ్వరమొచ్చిన మనిషిలా. నేను తెప్పించిన టీ తాగకుండా వెళ్లిపోయాడు. ఒక్క ఫ్లెక్సీకి ఇంత చేస్తాడా అని నాకే కాస్త కోపమొచ్చింది.

పది రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం ఒకామె వచ్చింది. పొలం పని చేసిన చేతులు, నేత చీర, చేతిలో గుడ్డ సంచి. పర్చూరు అవతల ఊరి నుంచి వచ్చానంది. కూతురు ఒంగోలు కాలేజీలో కంప్యూటర్ డిగ్రీ చదువుతోంది, ఇంట్లో ఒక కంప్యూటరుంటే మంచిదన్నారు. కొట్టు కొట్టుకూ ఒక మాట చెబుతున్నారు. పేటలో ఎవరో వాచీ మాస్టారున్నాడు, ఉన్నది ఉన్నట్టు చెబుతాడు అంటే వెతుక్కుంటూ వచ్చింది. కూర్చోమన్నాను. డీలరు దగ్గర పని పోయినా ఆయన మా ఊళ్లు తిరగడం మానలేదు, ఆయన వచ్చే రోజే అది. బెంచీ మీద కూర్చుని, గుమ్మం వైపు చూపించి అడిగింది.

"మీరూ అదే రాశారుగా. రెట్టింపంటే నిజమేనా అమ్మా?"

బల్లమీది కాగితాలు సర్దుతూ, అందరూ అట్టాగే అంటున్నారండి అన్నాను. ఆమె తలాడించింది. ఆ మాట నమ్మిందని నాకు తెలిసింది.

కాసేపటికి ఆయన వచ్చాడు. గుమ్మంలో కాలు పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. ఆమె లేచి నిలబడింది. "వదినా" అన్నాడు, చాలా నెమ్మదిగా. బంధువులనుకున్నాను. ఆమె ఆ పిలుపుకు పలకలేదు. నా వైపు తిరిగి, మీరు చెప్పే వాచీ మాస్టారు ఈయనేనా అని అడిగింది. అవునన్నాను. వెళ్లిపోతుందేమో అనిపించింది. సంచి పట్టుకుని అలాగే చాలాసేపు నిలబడి, మళ్లీ కూర్చుంది.

ఎందుకొచ్చారని ఆయన అడగలేదు. నేనే చెప్పాను. విని, కూర్చోండి చూపిస్తానన్నాడు. అప్పటికే ఆమెను మీరు అనడం మొదలుపెట్టాడు. వెళ్లి తెలిసిన కొట్లో రెండు డిస్కులు, బోర్డు అడిగి తెచ్చాడు. నేలమీద కూర్చుని బిగించాడు. రోజూ కళ్లు మూసుకుని బిగించగలిగిన మనిషికి ఆ రోజు మరలు చేతిలోంచి జారిపోతున్నాయి. చేతి వాచీ విప్పి ఆమెకు ఇవ్వబోయాడు. ఆమె చెయ్యి చాపలేదు. బల్ల అంచున పెట్టాడు. అప్పుడు తీసుకుంది. ఎర్ర ముల్లు పన్నెండు మీదికి రాగానే చెప్పండి అన్నాడు.

ఆమె చెప్పింది. ఆయన మీట నొక్కాడు. పాతది మూడుసార్లు, కొత్తది మూడుసార్లు. ప్రతిసారీ ఎన్ని సెకన్లో ఆమె పైకి చదివింది, నేను కాగితం మీద రాశాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

"రెండూ ఒకటేగా" అంది ఆమె చివరికి.

ఒకటేనండి అన్నాడు. కొత్తది మంచిదే, ముందు ముందు అవే వస్తాయి, వేగమని చెప్పి ఎక్కువ ధర అడిగితే మాత్రం ఇవ్వొద్దు, మీ పాప చదువుకు పాతది చాలని చెప్పాడు. ఆమె వాచీ బల్లమీద పెట్టింది. గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరగకుండా అంది.

"ఇప్పుడు చూసి చెబుతున్నావన్నమాట."

ఆమె వెళ్లాక ఆయన అక్కడే నేలమీద ఉండిపోయాడు. మంచినీళ్లిస్తే తాగి, అడక్కుండానే చెప్పాడు. ఈ పనిలోకి రాకముందు ఆయన పర్చూరు వైపు ఒక పురుగుమందుల కొట్లో ఉండేవాడట. పత్తికి పచ్చ పురుగు పట్టి ఏ మందుకూ చావని సంవత్సరాలవి. ఒక కంపెనీ మనిషి వచ్చి, కొత్త మందు, ఒక్కసారి కొడితే చాలని కొట్లో అందరికీ చెప్పి పోయాడు. ఈయన అదే మాట వచ్చిన ప్రతి రైతుకూ చెప్పాడు. వాళ్లలో ఒక కౌలు రైతు ఉన్నాడు. ఈయన అన్నా అని పిలిచేవాడు, వాళ్లింట్లో అన్నం తిన్నాడు. ఆ రైతు డబ్బా చేతిలో పట్టుకుని, నిజంగా పనిచేసుద్దంటావా అని అడిగాడట. పనిచేసుద్దన్నా, నాదీ పూచీ అన్నాడట ఈయన.

పురుగు చావలేదు. ఆ రైతు మళ్లీ మళ్లీ కొట్టాడు. చేను పోయింది. ఒకరోజు మిగిలిన మందు తనే తాగాడు.

కబురు తెలిసి ఈయన వాళ్లింటికి పరుగెత్తాడు. వాకిట్లో జనం. రైతు భార్య, ఇందాక మా బెంచీ మీద కూర్చున్న ఆమే, ఏడవడం లేదు. ఈయన్ని చూసి ఒక్కటే అడిగిందట, ఆ మందు నువ్వెక్కడన్నా కొట్టి చూశావా అని.

"చూళ్లేదమ్మా" అన్నాడు ఆయన నాతో, ఆమెకు చెప్పలేకపోయిన జవాబు నాకు చెబుతున్నట్టు. "డబ్బా మీద ఉన్న కాగితం కూడా పూర్తిగా చదవలేదు."

ఆ సాయంత్రమే నేను ఫ్లెక్సీ విప్పించాను. విప్పుతుంటే ఎదుటి సెంటరతను బయటికొచ్చి వింతగా చూశాడు. అందరూ అంటున్నారని ఆమెకు నేను చెప్పిన మాటను మాత్రం ఎలా విప్పాలో తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

వారం తర్వాత ఆమే డబ్బులిచ్చి కబురు పెడితే, ఆ అమ్మాయికి కంప్యూటర్ ఆయనే బిగించాడు. ఒక్కొక్క ముక్కా మూడు రోజులు నడిపి చూసి మరీ బిగించాడు. ఆ ఊరు మాత్రం వెళ్లలేదు. అడ్రసు నా చేత కాగితం మీద రాయించి వేరేవాళ్లతో పంపించాడు. తర్వాత ఎప్పుడు వచ్చినా, పర్చూరు మెషిన్ గురించి ఏమన్నా కబురొచ్చిందా అని అడిగేవాడు. రాలేదండి, అంటే బాగానే నడుస్తున్నట్టేగా అనేదాన్ని. చూడలేదు కదమ్మా అనేవాడు.

ఏడాది తర్వాత పేటకు రావడం తగ్గించాడు. చీమకుర్తిలో గ్రానైట్ కోసే యూనిట్లలో కంప్యూటర్లకు పని ఎక్కువ, రాతిపొడి లోపలికి పోయి ఆగిపోతుంటాయి, అక్కడే గది తీసుకున్నానన్నాడు. చివరిసారి చూసినప్పుడు ఆయన కనురెప్పల మీద కూడా ఆ తెల్లటి పొడి ఉంది. బాగా దగ్గుతున్నాడు. ఆస్పత్రికి వెళ్లండి అంటే వెళతానమ్మా అన్నాడు. వెళ్లాడో లేదో తెలియదు. తర్వాత నేను సెంటరు మార్చాను, ఫోన్ నంబర్లు మారాయి, అలా పోయింది. గుంటూరు కొట్టాయన చెప్పేదాకా ఆయన ఉన్నాడనే అనుకుంటూ బతికాను.

తెలిశాక నాలుగు రోజులు ఏ పనీ తోచలేదు. ఆయనకు ఎవరున్నారో, ఎవరికి చెప్పాలో తెలియదు. పెళ్లి చేసుకోలేదు. చెప్పాల్సిన మనిషి ఒక్కరే కనిపించారు. పాత పుస్తకంలో అడ్రసు వెతికి పర్చూరు బస్సెక్కాను.

ఆమె ఊరి బయట కల్లంలో ఉంది. ఎర్రగా పరిచిన మిరపకాయల మధ్య పీట వేసుకుని తెల్లబోయిన తాలు కాయలు ఏరుతోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. అమ్మాయి ఒంగోల్లో ఒక స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెబుతోందట, ఆ మెషిన్ ఇప్పటికీ నడుస్తోందట. ఒక్కసారీ చెడలా అంది. వాచీ మాస్టారు పోయిన సంగతి చెప్పాను. ఆమె చేతులు ఆగాయి. ఎట్టా పోయాడని అడిగింది. దగ్గుతో అనుకుంటా, సరిగా తెలియదన్నాను.

ఘాటుకు నా కళ్లు మండుతున్నాయి. ఆమెకు అలవాటే కాబోలు, కళ్లు పొడిగానే ఉన్నాయి.

"మా ఆయన ఈయన్ని ఒక్క మాట అన్లేదమ్మా" అంది. "మందు మంచిదే అయ్యుంటది, నేనే ఆలస్యంగా కొట్టా, ఆ పిల్లాడేం చేస్తాడు అన్నాడు నాతో. పోయే ముందు రోజు."

నేను ఆమె ముఖంలోకి చూశాను.

"ఆ మాట ఈయనకు చెబితే తేలికపడేవాడు. మీ కొట్లో ఆ రోజు నోటిదాకా వచ్చింది. చెప్పబుద్ధి కాలా." మళ్లీ అంది, "అమ్మాయి పెళ్లయ్యాక చెబుదాంలే అనుకున్నా."

మళ్లీ ఏరడం మొదలుపెట్టింది. బస్సుకు ఇంకా గంటన్నర ఉంది. ఇంకో పీట కనిపిస్తే తెచ్చుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ఏది తాలో ఏది మంచిదో నాకు తెలియదు. నేను తప్పుగా వేసిన కాయల్ని ఆమె ఏమీ అనకుండా తీసి ఇటు వేస్తూ ఉంది.